పస్తున్న ఈగలు

"తినాకండి తల్లీ... ఈ ఒక్కపూట తినాకండి."

బయ్యమ్మ గాజు సీసాకు దండం పెట్టింది. సీసా నిండా పండ్ల ఈగలు.

మదనపల్లె కాలేజీలో, జువాలజీ ల్యాబులో ఆమె అటెండరు. మునికృష్ణ సారు పరిశోధన కోసం పెంచే ఈగలకు రాగిపిండి, బెల్లం ఉడికించి పెట్టడం ఆమె పని. "మా ఇంట్లో మొగోడికి కూడా ఇంత మర్యాద లేదు" అని నవ్వేది. ఈమధ్య ఆ నవ్వు పోయింది.

ఇంట్లో కూతురు శాంత చిక్కి సగమైంది. సంగటి ముద్ద మీద ముద్ద తింటుంది, చెయ్యి కడుక్కునేలోపే మళ్లీ ఆకలంటుంది. ఎనభై మూడు వేసవి అది. కరువులో ఎవరి పిల్లలు బాగున్నారులే అని ఇరుగుపొరుగు సర్దిచెప్పారు. బయ్యమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. చౌడేపల్లె తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. నెల తిరక్కుండానే ఆ తాయెత్తు పిల్ల చేతికి వదులైపోయింది.

మొన్న సారు ఒక సీసా చూపించాడు.

"ఈ రకం ఈగల్ని సూడు బయ్యమ్మా. తిన్న చక్కెరను వీటి ఒళ్లు వాడుకోలేదు. కడుపు నిండినా ఒంటికి అందదు. మనుషుల్లోనూ ఇట్లాంటి జబ్బుంది, ఒంటికి పట్టని చక్కెర బయటికి పోతాది. అందుకే తింటానే ఉంటాయి, ఎండిపోతానే ఉంటాయి."

అప్పటి నుంచి బయ్యమ్మకు కంటిమీద కునుకు లేదు.

ఇవాళ్టి సీసాలోవి మామూలు ఈగలే. నిన్నటి నుంచి నీళ్లు తప్ప మేత లేదు. గాజు పలక మీద రెండు చుక్కలు పెట్టాలి. ఒకటి ఉత్త నీళ్లు, ఒకటి చక్కెర నీళ్లు. పస్తున్న ఈగ తీపి ఎక్కడున్నా కనిపెడుతుంది, తీపి లేనిదాన్ని పట్టించుకోదు.

బయ్యమ్మ రెండు చుక్కలూ పెట్టి, సీసా బోర్లించింది.

"పస్తుపెట్టి తినాకండంటావేందమ్మా?" సారు నవ్వాడు.

"తినకుంటే బాగుండు సారూ."

"బాగుండాదే! అవి తింటేనే కదా మన పరీక్ష నెగ్గేది!"

ఈగలు మొదటి చుక్క దగ్గర ఆగనే లేదు. రెండో చుక్క మీద ఎగబడ్డాయి.

"శభాష్ బయ్యమ్మా! చక్కెర బాగా కలిపినావు."

బయ్యమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు.

రెండో చుక్కలో ఆమె చక్కెర కలపనే లేదు. అది పొద్దున శాంత పోసిన మూత్రం.