మీకు ఏ భాష వచ్చు?

"నాలుగు యాప్‌లు చూశాం. ఇదే మేలు వదినా," అంది భానుశ్రీ. "బొమ్మ చూపించి పేరు చెబుతుంది. అన్నయ్య దాన్ని మళ్ళీ పలికితే చాలు."

"అయితే ఇదే పెట్టు. మిగతాది నేను కూర్చోబెట్టి నేర్పిస్తాను," అంది దేవిశ్రీ, భర్త చొక్కా గుండీ సరిచేస్తూ.

జశ్వంత్ నవ్వాడు. హైటెక్ సిటీ ఆఫీసులో మూడు భాషల్లో గలగలా మాట్లాడిన మనిషి. పక్షవాతం వచ్చాక మాట పోయింది. ఎదుటివాళ్ళ మాటా అర్థం కావడం లేదు.

"ఏ భాష నేర్చుకుంటారు?" అని అడిగింది యాప్.

దేవిశ్రీ తెలుగు నొక్కింది.

"మీకు ఇప్పటికే ఏ భాష వచ్చు?"

ఇంగ్లిషు, హిందీ, తమిళం... ఆమె జాబితా చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది.

"ఏదో ఒకటి నొక్కు వదినా, లేకపోతే ముందుకు పోదు."

దేవిశ్రీ ఫోను పక్కన పెట్టేసింది.

"మరి నేను మాత్రం ఏ భాషలో నేర్పనే, భానూ?"