కాశీలో విడిచింది

ముకుందం కాశీ నుంచి వచ్చిన నాటి నుంచి అన్నపూర్ణ అతనితో మాట్లాడలేదు.

తనను తీసుకుపోలేదని అలిగింది కాబోలు అనుకున్నారు చేవెళ్ల బజారులో వాళ్లు. ముకుందం ఆ మాటకు అవునని అనలేదు, కాదని అనలేదు. భార్య నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలు, తిట్టినా సరే అని కాచుకున్నాడు. ఆమె వండింది, వడ్డించింది. అతను తెచ్చిన గంగ చెంబును మాత్రం ముట్టలేదు.

ఈరోజు కాశీ సమారాధన. భోజనాలయ్యాక అందరూ అరుగు మీద చేరి యాత్ర విశేషాలు చెప్పమన్నారు.

నాగపూరు స్టేషనులో గంపల కొద్దీ నారింజలట. అది దాటాక రైలు కొండ కడుపులోకి దూరితే పట్టపగలే చీకటట, బయటపడగానే చెట్ల మీద నెమళ్లట. ప్రయాగలో తెల్లనీళ్లు, నల్లనీళ్లు పక్కపక్కనే పారుతాయట. కాశీలో ఒక కోతిపిల్ల పడవ అంచున కూర్చుని తల్లి కోసం చూస్తూనే ఉందట.

కొట్లో త్రాసు ముల్లు తప్ప లోకంలో మరొకటి చూసి ఎరగని మనిషి. దగ్గరే ఉన్న అనంతగిరి కొండలు ఎటున్నాయంటే తెల్లమొహం వేస్తాడు. అలాంటివాడికి రైలెక్కగానే ఇన్ని కళ్లెక్కడివని జనం నోరెళ్లబెట్టారు.

"గివన్నీ ఎట్ల చూసినవ్ సావుకారి?" అన్నాడు ముడిమ్యాల రైతు అంతయ్య.

"కిటికీ కాడ కూసుంటే అవే కనవడ్తయ్."

చెప్పడం ఆపితే ముకుందానికి ఏడుపు వచ్చేలా ఉంది. మళ్లీ కోతిపిల్ల దగ్గర అందుకున్నాడు.

అంతయ్య వదల్లేదు. "కాశీకి పోయినోళ్లు ఇష్టమైనదేదో ఆడ ఇడిచిపెట్టి రావాలె గద. నువ్వేం ఇడిచినవ్?"

"చిక్కుడుకాయ."

అందరూ నవ్వారు. అతనికి చిక్కుడుకాయ గిట్టదని తెలియనిదెవరికి?

"అగ్గువల తేల్చినవ్ పో" అన్నాడు అంతయ్య.

లోపల గిన్నె కిందపడింది. అన్నపూర్ణ గడప దాటి వచ్చింది. ఇన్నాళ్లకు నోరు తెరిచింది.

"ఏం ఇడిచినవో నిజం చెప్పు. గీళ్లందరు ఇనాలె."

దారి పొడుగునా కిటికీ దగ్గర కూర్చుని "బాపూ, గటు చూడు, గిటు చూడు" అంటూ అవన్నీ చూపించిన పదేళ్ల కూతురు సక్కుబాయిని, పోతూ పోతూ అత్తగారింట దింపుతానని ఊరికి చెప్పి తీసుకుపోయి, మొగుడు చచ్చిన పాపానికి, గంగ ఒడ్డున విధవల సత్రంలో వదిలేసి వచ్చాడు.