తొలి చెంబు

కృపమణికి ఒకటే భయం. తన చేత్తో పోసిన నీళ్ళు తాగి తన బిడ్డ చచ్చిపోతుందేమోనని.

పోయకుంటే దప్పికతోనే పోతుంది. ఆ ఏడు వానల్లేవు. కర్నూలు శివార్లలో హంద్రీ గట్టు మీది ఆ పేటలో బోరింగు కొడితే గాలి తప్ప ఏమీ రావడం లేదు. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, రాకుంటే లేనట్టు. హంద్రీలో పారేది కూడా ఏరు కాదు. పైన ఎక్కడో మిల్లు వదిలే పచ్చటి మురికి. కాచినా ఆ రంగు పోదు. వాసన అసలే పోదు.

అందుకే అరటితొక్కలు.

చర్చిలో ఆడవాళ్ళ కూటానికి కాలేజీ మేడం ఒకామె వచ్చి చూపించింది. ఎండబెట్టి దంచిన అరటితొక్కల పొడిని మురికినీళ్ళలో కలిపి, తేరనిచ్చి, గుడ్డలో వడగట్టింది. నీళ్ళు తేటపడ్డాయి. కృపమణి కళ్ళార్పకుండా చూసింది. ఎనిమిదిలో బడి మాన్పించిన తర్వాత ఆమె అంత శ్రద్ధగా విన్న పాఠం అదే. అదీ సగమే. ఒళ్ళో స్తుతి గుక్కపట్టి ఏడవడంతో ఎత్తుకుని బయటికి రావాల్సి వచ్చింది. అత్త సంతోషమ్మ మాత్రం చాప మీంచి కదల్లేదు. ఆఖర్న పంచే బిస్కెట్ల కోసం కూర్చుందనుకుంది కృపమణి.

తర్వాత ఏం చెప్పారని అడిగితే, "ఏం జెప్తారు? ప్రార్థన జేసి పొమ్మనిరి" అంది అత్త.

భర్త లేవి డోన్ దగ్గర బండల పనిలో ఉన్నాడు. ఎప్పుడో గానీ రాడు. ఇంట్లో అత్తా కోడలూ, నడక నేర్చుకుంటున్న స్తుతీ.

కృపమణి బస్టాండు దగ్గర జూస్ అంగడి వెనక తొక్కలు ఏరుకొచ్చేది. మిద్దె మీద పెళపెళలాడేదాకా ఎండబెట్టి, రోట్లో దంచేది. తేటపడిన నీళ్ళను పాత చీరలో వడగట్టి, కాచి, కుండకు పోసేది. పేటంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది సంతోషమ్మే. "గొడ్లకేసేది మనకేస్తాండాది మా కోడలు. రేపు తవుడు గూడా కలుపుతుందేమో" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది.

నవ్వినామె ఆ నీళ్ళు ముట్టకుండా ఉంటుందా అంటే, అదీ లేదు. తెల్లారగానే తొలి చెంబు తనకే. నిండుగా, గటగటా.

"పెద్దదాన్ని నేనుండగా నా ముందర ఎవురు తాగేది?"

పైగా ఇంకో కట్టు పెట్టింది. తాను తాగాక పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆ కుండను ఎవరూ ముట్టకూడదు. కృపమణి అందాకా చన్నిచ్చి బిడ్డను సముదాయించేది. ఆ పాలూ అడుగంటుతున్నాయి. స్తుతి కుండ వైపు చేతులు చాచి ఏడ్చేది. ముసలామె కుండ పక్కనే కాళ్ళు చాపుకుని, ఎటో చూస్తూ కూర్చునేది. మధ్యాహ్నానికి లేచి, "ఊ, ఇంక పొయ్యి బిడ్డకు" అనేది, రాణిగారు సెలవిచ్చినట్టు.

మనవరాలి కంటే ముందు తన గొంతు తడుపుకునే అవ్వ ఎక్కడైనా ఉంటుందా అని కృపమణి లోపల్లోపలే పళ్ళు కొరికేది.

ఆ శుక్రవారం నీళ్ళు ఎప్పటికన్నా తేటగా దిగాయి. కుండ అడుగు కనబడింది. మంచికాలం వచ్చిందనుకుంది కృపమణి. రాత్రి నుంచి బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉంది, పెదాలు ఎండి ఉన్నాయి. అయినా తొలి చెంబు అత్తదే.

తాగిన కాసేపటి నుంచి సంతోషమ్మ వాడుకనీళ్ళ తొట్టిలో చెంబు ముంచుకుని కంపచెట్ల చాటుకు పోవడం, రావడం, మళ్ళీ పోవడం. కడుక్కోవడానికి ఇన్ని చెంబులా అని కృపమణికి ఒళ్ళు మండింది. ఎత్తుకోమని బిడ్డను ఇవ్వబోతే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. "ఇంక పొయ్యి" అనే మాట రాలేదు. అత్త గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది.

"అత్తా, బిడ్డ నాలుక పిడచగట్టుకపోతాండాది. పోస్తాండా."

"ముట్టొద్దు."

"ఎందుకంట?"

"ముట్టొద్దంటి గదా."

ఇక కృపమణి ఆగలేదు. గ్లాసు తీసి కుండలో ముంచబోయింది. ముసలామె ఎట్లా లేచిందో, ఎట్లా వచ్చిందో, కుండను కాలితో తన్నింది. కుండ దొర్లి రెండు చెక్కలైంది. నీళ్ళన్నీ మట్టినేల పీల్చేసుకుంది. సంతోషమ్మ పాక్కుంటూ పోయి మళ్ళీ చాప మీద పడింది.

కృపమణి ఆమె వైపు తిరిగైనా చూడలేదు. బిడ్డను చంకనేసుకుని, చెప్పుల్లేకుండా, ఆ ఎండలో చర్చి దాకా పరుగెత్తింది. చర్చి కాపలా చూసే లాజరు ఇంట్లో ఎంత కరువైనా బిందెడు మంచినీళ్ళు ఉంటాయని పేటలో అందరికీ తెలుసు.

లాజరు గ్లాసు నింపి ఇచ్చాడు. స్తుతి గుటకలు వేస్తుంటే కృపమణి ఏడుస్తూ అత్త ఆగడాలన్నీ ఏకరువు పెట్టింది. తొలి చెంబు సంగతి, మధ్యాహ్నం దాకా కాపలా కాసే సంగతి, ఇప్పుడు కుండ తన్నిన సంగతి.

లాజరు ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఆ తొక్కల నీళ్ళు బిడ్డకు గూడా పోస్తాండావామ్మా? ఆ మేడం ఆఖర్న గట్టిగా చెప్పె గదా. తేటగుండాయని తాగొద్దు, పరీక్ష చెయ్యకుండా బిడ్డలకు చుక్క గూడా పొయ్యొద్దని. నేను ఆడ్నే ఉంటి. మీ అత్తే లేచి అడిగె, ఆ పరీక్ష ఇంట్లో చేసుకునే దారి ఏమన్నా ఉండాదా అని."

కృపమణి ఏడుపు ఆగిపోయింది. గోడకు ఆనించి ఉన్న అతని సైకిలును చూపించింది.

"బిడ్డకేం గాలేదన్నా, బిరీన పోయి మా అత్తను చూడు, ఆ పరీక్ష దినామూ ఆమే చేస్తాండాది."