గోడవారగా మంచం

“బ్యాటరీ పెట్టి ఎత్తి చూడండమ్మా. బ్యాటరీ లేకపోతే అన్నీ తేలికే.”

ఆపరేటరమ్మ ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

రంపాల అర పక్కన ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు. కళ్ళజోడుకి నల్లదారం కట్టి మెడలో వేసుకున్నాడు. షాపు మనిషే అనుకుంది.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైంది. మొహం తెలియని వాళ్ళను మొహం తెలియని వాళ్ళతో కలపడమే జన్మంతా ఆవిడ పని. ఉద్యోగం అయిపోయినా, భర్త పోయినా, ‘ఆపరేటరమ్మ’ అన్న పేరు మాత్రం ఆవిడను వదల్లేదు.

బ్యాటరీ తగిలించి ఎత్తింది. చెయ్యి కిందికి లాగేసింది.

“అది కాదులెండి. పక్కన బుల్లిది చూడండి. పిడి మీ గుప్పిట్లోకి రావాలి.”

“వైరు లేకుండా కోస్తుందంటారా?”

“భేషుగ్గా కోస్తుంది. వైరుంటే కాళ్ళకడ్డం. ఇంతకీ ఏం కోస్తారు?”

“మంచం.”

ఆయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

“డబుల్ కాట్ అండీ. సగం చెయ్యాలి. గోడవారగా జరుపుదామంటే బీరువా అడ్డమొచ్చి పట్టి చావడం లేదు.”

ఎందుకు జరపాలో మాత్రం చెప్పలేదు. చెబితే పిచ్చిదనుకుంటాడు.

భర్త పోయాక ఆయన ఫొటో తగిలిద్దామని, వెనకింటికీ తన ఇంటికీ ఉమ్మడిగా ఉన్న ఆ గోడకి మేకు కొట్టింది. అవతలి నుంచి ఎవరో టకటకమని బదులు కొట్టారు. గొడవకొస్తారేమోనని హడలిపోయింది.

మర్నాడు ధైర్యం చేసి, వేలి కణుపుతో ఒకసారి కొట్టి, ఆగి, రెండుసార్లు కొట్టింది.

అవతలి నుంచి అచ్చం అలాగే వచ్చింది.

అప్పటి నుంచి పడుకునే ముందు అదో అలవాటైపోయింది. ఆ ఇంటి గుమ్మం వెనక వీధిలో ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళి చూడొచ్చు, కానీ చూడలేదు. మొహం చూడకుండానే మనిషిని నమ్మడం ఆవిడకు ఉద్యోగం నేర్పిన విద్య.

ఆ చప్పుడు తప్ప రోజంతా ఆవిడను పలకరించే దిక్కు లేదు. ఈ మధ్య మోకాళ్ళు పట్టేసి, లేచి గోడ దాకా వెళ్ళడమే గగనమైపోతోంది. మంచమే గోడ దగ్గరికి వస్తే పడుకునే పలకరించొచ్చు.

“మంచం ఏ రకం చెక్కమ్మా?”

షాపులో కోసి చూడటానికని ఓ చెక్క పెట్టారు. ఆవిడ దాని మీద కొట్టి చూసింది. అలవాటైన చెయ్యి కదా, టక్ అని, ఆగి, టకటకమంది.

“ఇలాంటిదేనండీ. గట్టిదే.”

పెద్దాయన చేతిలో రంపం మెల్లగా కింద పెట్టేశాడు. ఆవిడ వేళ్ళ వైపే చూశాడు.

“మీరు... ఒక్కరే ఉంటారా అమ్మా?”

ఆపరేటరమ్మ ఓ అడుగు వెనక్కి వేసింది. ముక్కూ మొహం తెలియని మగమనిషి అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

“ఒక్కదాన్నేం కాదు. మావారున్నారు” అంది తడుముకోకుండా.

“ఆరోగ్యంగా ఉన్నారా?”

“దుక్కలా ఉన్నారు. ఈ రంపం ఆయన కోసమే. కోసేది ఆయనే.”

“నా దగ్గరా ఒకటుంది. వచ్చి కోసి పెడదామనుకున్నా.”

“వద్దులెండి. పరాయివాళ్ళు ఇంట్లోకొస్తే ఆయనకి పడదు.”

పెద్దాయన తలూపాడు.

“మంచిదమ్మా. తోడుంది మీకు. అంతకన్నా ఏం కావాలి?”

ఏమీ కొనకుండానే బయటికి నడిచాడు. ఆయన షాపు మనిషి కాడని కౌంటరు దగ్గర చెప్పారు. గండం గడిచిందనుకుంది ఆపరేటరమ్మ. తన తెలివికి తనే మురిసిపోయింది.

ఆ రాత్రి గోడ మీద కొడితే బదులు రాలేదు. నిద్రపట్టి ఉంటుందిలే అనుకుంది.

మర్నాడు మంచం కోసింది. బుల్లి రంపం చెప్పిన మాట విన్నది. భర్త పడుకునే వైపు విడిపోయేటప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోసింది. కోసిన చివర్లకు పాత పట్టె బిగించి, కింద రెండు చెక్కకాళ్ళు తగిలించింది. కాస్త వంకరొచ్చినా మంచం నిలబడింది.

గోడవారగా జరుపుకుని, పడుకుని, చెయ్యి చాపి కొట్టింది.

బదులు లేదు.

మళ్ళీ కొట్టింది. అరచేత్తో బాదింది. గోడ గోడలాగే ఉండిపోయింది.

తెల్లారాక ఇక ఆగలేకపోయింది. అవతలి మనిషికి ఏమైందో ఏమో. మోకాళ్ళు పట్టుకుంటూ, మొదటిసారిగా వెనక వీధిలోకి వెళ్ళింది.

ఆ ఇంటికి తాళం వేసి ఉంది. మెట్లు ఊడుస్తున్న ఇంటి ఓనరమ్మ తలెత్తింది.

“అద్దెకా అండీ?”

“కాదు. ఇందులో ఉండేవారు...”

“ఖాళీ చేశారు. ఒంటరి పెద్దాయన. తన దగ్గరికి వచ్చేయమని కూతురు ఎప్పట్నుంచో ప్రాణం తీస్తోంది. కదిలితేగా. గోడవతల ఎవరో ఒంటరి ప్రాణి ఉంది, నేను పోతే దానికి పలికేవాళ్ళుండరు అనేవారు.”

“కూతురి నంబరుందా?”

“లేదండీ. ఏ ఊరో కూడా చెప్పలేదు.”

జన్మంతా నంబర్లు కలిపిన మనిషి చేతిలో ఆ ఒక్క నంబరు లేదు.

“మరి... ఇప్పుడెందుకు వెళ్ళిపోయారు?” అని అడిగింది ఆపరేటరమ్మ.

“మొన్న రంపాల షాపులో ఆ గోడవతలావిడే కనబడిందట, ‘భర్త దుక్కలా ఉన్నాడట, ఇక నా చప్పుడెందుకు’ అని, కళ్ళజోడు నల్లదారం సర్దుకుంటూ ఆ సాయంత్రమే బండెక్కేశారు.”