ఏకర్ వైద్యురాలిది ఏ పక్షం?

తలుపు తాళాల నుంచి పిల్లల పాఠాల దాకా ఇంటింటా మాట్లాడే విజ్ఞానసర్వస్వమే అన్నీ చూసుకుంటున్న రోజులవి. కర్నూలులో హైమావతి దానికి ఇంటి నుంచే పనిచేసేది. జెరూసలేం కోసం క్రైస్తవులూ ముస్లింలూ చేసుకున్న క్రూసేడు యుద్ధాల నాటి మనుషులనూ ఊళ్ళనూ రెండు పక్షాలుగా సర్దడం ఆమె పని.

ఆ ఉదయం ఏకర్ పట్టణపు వైద్యురాలొకామె దగ్గర ఆగిపోయింది. ఆ వైద్యురాలు ఇరుసేనల గాయాలకూ కట్లు కట్టింది.

"ఈమెను రెండింట్లోనూ పెడతాను," అంది హైమావతి.

"కుదరదండీ. మనిషికి ఒకటే పక్షం," అంది విజ్ఞానసర్వస్వం.

"ఎప్పుడో సచ్చిపోయినామె. ఏదో ఒకదాంట్లో ఏసెయ్‌మే," అన్నాడు ఉల్లిపాయలు తరుగుతున్న భర్త ఓబులేసు.

మనసొప్పకపోయినా ఆమె ఒకవైపు వేసేసింది.

"సంతోషం. పాత యుద్ధాలు పూర్తయ్యాయి. ఇక మీ వీధి మొదలుపెడదాం."

తెర మీద పక్కింటి ఖైరున్నీసా ముఖం కనిపించింది. అంతలోనే వాకిట్లోంచి ఆమె గొంతు వినబడింది. "హైమక్కా, తలుపు తియ్యి! మా అమ్మీకి ఊపిరాడ్డం ల్యా!"

హైమావతి పరుగెత్తి గడియ లాగింది. అది రాలేదు.

"ఈమె ఏ పక్షం?" అనడిగింది విజ్ఞానసర్వస్వం.

"మా పక్కింటామె! తలుపు తియ్!"

"అలాంటి వర్గం లేదండీ."

ఓబులేసు కూడా వచ్చి గడియ పట్టుకున్నాడు. ఇద్దరూ గుంజుతుండగానే, వీధి పొడవునా ఒక్కో ఇంటి తాళమూ పడుతున్న చప్పుడు వినిపించింది.