దెబ్బకూ దెబ్బకూ నడుమ

భూమిక గిటార్ మీద చివరి స్వరం మీటి ఫోన్ల టైమ్ చూసుకున్నది. మూడు నిమిషాల పాట రెండు నిమిషాలకే ఒడిసింది.

"ఎవరన్న తరుముతుండ్రా బిడ్డా?" సాసర్ల చాయ్ పోసుకుంట అడిగిండు అంకయ్య తాత.

"రేపే గిటార్ పరీక్ష తాతా. నెమ్మదిగ వాయించాలెనంటడు మా సారు. మైనర్ కీ అంటరు, ఏడుపు పాట. నెమ్మదిగ వాయిస్తె నాకే నిద్రొస్తది."

"మల్లొకసారి వాయించు, నేను ఇంటా."

వాయించింది. తాత సాసర్ కింద పెట్టి కండ్లు మూసుకున్నడు. శ్రీరాంపూర్ బొగ్గు బాయిల ముప్పై ఏండ్లు చేసిన మనిషికి గిటార్ గురించి ఏం ఎరుక అని భూమికకు నవ్వొచ్చింది.

"బాయిల దిగంగనే ఇనుప రాడుతోని పైకప్పు మీద కొట్టి చూస్తుంటిమి," అన్నడు తాత. "ఖంగుమంటె గట్టిగున్నట్టు. డొల్లగ మోగితె ఊడి మీద పడేటట్టు. కొట్టుడు అందరికీ వస్తది. ఆ చప్పుడు మొత్తం ఇనేదాక కాలు కదపొద్దు, గదీ పని."

"భయమైతుండెనా?"

"ఇనుకుంట ఉంటె భయం సంగతే యాదికి లేకుండె."

భూమిక మొదటి స్వరం మీటింది. ఈసారి మనసుల అంకెలు లెక్కపెట్టలే. చప్పుడు గోడ దాక పోయింది, సన్నబడ్డది, అయినా ఇంక జర మిగిలే ఉన్నది. ఆమె వేలు తర్వాతి తీగ మీద ఆగింది. ఆ ఒక్క స్వరంల ఏడుపు యాడా కనవడలే.

తాత కండ్లు తెరవకనే అన్నడు: "ఆఁ, ఇప్పుడు అడుగెయ్యి."