పికిలిగాడు అడిగిన నాలుగో వంతు

గూట్లో గుడ్లు పొదుగుతున్న పెళ్ళాం ఆకలికి సోలిపోతోందని పికిలిపిట్ట పికిలిగాడు చిలుకత్త దగ్గరికి ఎగురుకుంటూ వచ్చాడు.

"ఈ జామపండులో మూడో వంతు ఇవ్వనా, నాలుగో వంతా, అల్లుడూ?"

"నా రాణికి నాలుగో వంతే కావాలత్తా!"

చిలుకత్త పండుని నాలుగు ముక్కలు చేసి ఒకటి ఇచ్చింది. "మూడే చేసుంటే ముక్క పెద్దదయ్యేది, పిచ్చి అల్లుడా!"

పికిలిగాడికి తల తిరిగింది. అంకె పెరిగితే ముక్క తగ్గడమేమిటి?

గూట్లో పెళ్ళాం ఆ ముక్కని చీల్చి, "ఇదిగో, సగం నీకు," అంది.

సగమంటే రెండో వంతు. అత్త లెక్కన అది నాలుగో వంతు కన్నా పెద్దదవ్వాలి. చూస్తే ఇంకా చిన్నదైపోయింది!

"దేంట్లో సగమో చూసుకోవేం?" అని నవ్విందామె.

వాడికి అదీ అర్థం కాలేదు. తన ముక్కని మెల్లగా ఆమె ముందుకి తోశాడు.

"ఇదీ నువ్వే తినవే. ఈ లెక్క తేలేదాకా నాకు ఆకలెయ్యదు."